రాజు మోసే మూట

నిజాం పాలన పోయిన మరుసటేడు, జకరయ్య అయ్యగారు వికారాబాదు నుంచి తాండూరు పక్క పల్లెకు వాక్యం చెప్పడానికి వచ్చాడు. "దేవుని రాజ్యం దగ్గరికొచ్చింది" అనగానే ముందు వరుసలో కూర్చున్న ఆశమ్మ ఉలిక్కిపడింది. దొరల మూటలు వెట్టికి మోసి మోసి ఆమె నడుము వంగిపోయింది. ఆ పీడ విరగడై ఇంకా ఏడాది కాలేదు. ఆదివారం బాప్తిస్మం తీసుకోవాల్సిన మనిషి మూతి ముడుచుకుని లేచింది.

"మల్ల ఇంకో రాజ్యమా అయ్యగారూ? గా రాజు మూటలెవలు మొయ్యాలె? నాకు బాప్తిస్మమొద్దు."

అందరూ గొల్లున నవ్వారు. అయ్యగారు నవ్వలేదు.

"నీ భయం నిజమేనమ్మా. కాని మా రాజు శిష్యుల కాళ్లు తానే కడిగిండు. మన భారం తానే మోస్తనన్నడు."

"రాజే మోస్తడా! మరి నీ పరుపుచుట్ట టేషన్ కాడికెల్లి మా మరిది నెత్తి మీదెందుకొచ్చింది?"

అయ్యగారి ముఖం ఎర్రబడింది. మరుక్షణం ఆయనే పకపకా నవ్వాడు. తిరుగు ప్రయాణంలో పరుపుచుట్ట తానే ఎత్తుకోబోయాడు.

"జర ఆగు, ఒక కొస నేను పట్టుకుంట" అంది ఆశమ్మ. "గిది వెట్టి గాదు. ఆదివారం మల్లొచ్చి నాకు బాప్తిస్మం నీళ్లు పొయ్యి."

దేవుని రాజ్యమంటే ఏమిటని తర్వాత ఎవరడిగినా, ఆశమ్మ చెప్పేది ఒకటే: "చెరో కొస పట్టుడు బిడ్డా."