పెయింటు గుడ్డకి పడ్డ లైకులు

మా పిన్ని పోయినవాళ్ళ బొమ్మలు వేస్తుంది. ఇంట్లో ఎవరైనా పోతే, ఉన్న ఒక్క పాత ఫోటో పట్టుకుని జిరాక్సు షాపు పక్క మెట్లెక్కి ఆవిడ గదికి వస్తారు. అది వేలెడంత గుర్తింపు కార్డు ఫోటో అయినా సరే, ఆయిల్ రంగుల్లో నిండైన బొమ్మ చేసి ఇస్తుంది. గదిలో బొమ్మ నిలబెట్టే ఈజిల్ ఒకటి, ఒక కిటికీ, ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీ మీద ఎప్పుడూ ఏదో ఒక తడి బొమ్మ ఆరుతూ ఉంటుంది కాబట్టి వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడాలి. నేను పక్క వీధిలోనే ఉంటాను. రోజూ సాయంత్రం వెళ్ళి కాసేపు నిలబడి వస్తుంటాను.

ఫోటోలు పెద్దవి చేసిచ్చే ప్రింటు షాపులు వచ్చాక ఆ మెట్లెక్కేవాళ్ళు తగ్గిపోయారు. అప్పుడు ఆవిడని ఆదుకున్నది ఫోన్‌లో ఉన్న ఒక గ్రూపు. అందరూ బొమ్మలేసేవాళ్ళే. ఒకరినొకరు ఎదురుగా చూసింది లేదు. బడి గోడల మీద బొమ్మలేసే ఒకాయన్ని పిన్ని గోడలాయన అంటుంది. టీ కప్పుల మీద పువ్వులు వేసే ఆవిడ కప్పులావిడ. గ్రూపులో కట్టుబాటు ఒక్కటే. ఎవరు తమ పేజీలో బొమ్మ పెట్టినా మిగతావాళ్ళు చేతిలో పని వదిలేసి వెంటనే లైకు కొట్టాలి, ఒక మంచి మాట రాయాలి, తమ పేజీలోనూ పంచుకోవాలి. పెట్టిన వెంటనే సందడి ఉంటేనే ఆ బొమ్మ ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఫోన్లదాకా వెళ్తుందట. వెళ్ళింది కూడా, అబద్ధం చెప్పడం ఎందుకు? మందుల షాపులో పనిచేసే ఒక అమ్మాయి, కప్పులావిడ పంచుకున్న బొమ్మ చూసే పిన్నిని వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళ నాన్న ఫోటో ఇచ్చింది. అది నలుపూ తెలుపూ ఫోటో. చామనఛాయగా ఉండేవారు అని ఒక్క మాట చెప్పి వెళ్ళింది.

పిన్ని ఆ బొమ్మ పూర్తిచేసి పేజీలో పెట్టింది. గ్రూపంతా ఎగబడి మెచ్చుకుంది. పిన్ని మురిసిపోయి బొమ్మని ఆ అమ్మాయికి ఇచ్చి పంపింది.

నాకు ఈ మెచ్చుకోళ్ళంటే మొదట్నుంచీ ఒళ్ళుమంట. ఒకరినొకరు మునగచెట్టు ఎక్కించుకుని పైన కూర్చుంటే కిందికి దించేదెవరు? ఆ మాటంటే పిన్ని నా మీద లేచేది. అలా నడుస్తుండగా ఒకరోజు సాయంత్రం ఆవిడ గదిలోనే నిలబడి ఆవిడ పేజీ తెరిచి చూద్దును కదా, అందులో బొమ్మ లేదు. కుంచెలు తుడుచుకునే పెయింటు గుడ్డ ఉంది. ఎప్పుడో చెయ్యి తగిలి ఫోన్ తీసిన ఫోటో అది. ఆ రోజు పెట్టాల్సిన ముసలావిడ బొమ్మకి బదులు పిన్ని దాన్ని పెట్టేసింది. దాని కింద గ్రూపంతా బారులు తీరి ఉంది. "ఆ కళ్ళల్లో జీవం ఉట్టిపడుతోంది అక్కా!" అని కప్పులావిడ. "మొహంలో ఎంత ప్రశాంతత!" అని గోడలాయన.

పిన్నికి చూపించి పడీ పడీ నవ్వాను. కళ్ళనీళ్ళు తుడుచుకుని చూస్తే పిన్ని నవ్వట్లేదు.

"అంటే వీళ్ళు చూడరన్నమాట" అంది.

"ఇప్పుడు తెలిసిందా?"

"నువ్వాగవే. నాకు కొంతకాలంగా అన్నీ పసుపుగా కనపడుతున్నాయి. శుక్లాలట. షుగరు తగ్గాక గానీ ఆపరేషన్ చెయ్యనన్నాడు డాక్టరు."

"మరి నాతో ఒక్క మాట చెప్పవేం?"

"బయటికి పొక్కితే ఇంక నాకు ఫోటోలెవరిస్తారే? ఆ మందుల షాపు పిల్ల నాన్న రంగు కుదిరిందో లేదో నాకే తేలలేదు. అందుకే పేజీలో పెట్టి చూశాను. ఇంతమంది బావుందంటే బావున్నట్టే కదా అని ఇచ్చేశాను."

పిన్ని ఒక పని మొదలుపెడితే నాన్చదు. అక్కడే ఫోన్ తీసి గ్రూపుకి మాట పంపింది. "నా కళ్ళు సరిగ్గా కనపడట్లేదు. మందుల షాపు అమ్మాయి వాళ్ళ నాన్న బొమ్మని ఈసారి నిజంగా చూసి, మొహం రంగు ఎలా ఉందో చెప్పండి. మొహమాటపడకండి."

ఒకరిద్దరు నీళ్ళు నమిలారు. చివరికి గోడలాయన ఫోన్ చేశాడు.

"అక్కా, చెంపలు ఆకుపచ్చగా ఉన్నాయి."

"ఇప్పుడు చూశావా?"

"గుడ్డని చూడలేదు గానీ, ఈ బొమ్మని అప్పుడే చూశాను. చూసి కూడా లైకు కొట్టాను. నేనొక్కణ్ణే వంక పెడితే బాగోదని…"

"పసుపు ఎక్కువైందనుకుని నీలం కలిపానయ్యా" అంది పిన్ని. ఆయన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

మర్నాడు ఇద్దరం ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాం. బొమ్మ తలుపుకి ఎదురుగా గోడ మీద ఉంది. పిన్ని ఉన్నదున్నట్టు చెప్పి, తీసుకెళ్ళి మళ్ళీ వేసి ఇస్తానంది. ఆ అమ్మాయి కోప్పడుతుందనుకున్నాను. ఆమె నెమ్మదిగా అంది:

"నాకు మొదట్రోజే తేడాగా అనిపించిందండీ. నాన్న ఇలా ఉండేవారు కాదే అనుకున్నా. కానీ అంతమంది ఆర్టిస్టులు జీవకళ ఉందని రాశారు కదా. నాకే చూడ్డం రాదేమోలే అని ఊరుకున్నాను."

బొమ్మ తీసుకుని తిరిగొస్తుంటే దారి పొడుగునా పిన్ని ఏడుస్తూనే ఉంది. "వాళ్ళ నాన్న మొహం గురించి ఆ పిల్లకే అనుమానం వచ్చేలా చేశామే" అంది. గదికి వచ్చి ఆ అమ్మాయి మాటల్ని పొల్లు పోకుండా గ్రూపులో చెప్పింది. కొందరు చప్పుడు చెయ్యకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు కట్టుబాటు మార్చుకున్నారు. ముందు చూడాలి, చూసింది చెప్పాలి, తర్వాతే లైకు.

ఆదివారం గోడలాయన, కప్పులావిడ వీడియో కాల్‌లోకి వచ్చారు. అమ్మాయిని కూడా గదికి పిలిచాం. ఫోన్‌ని కిటికీలో నిలబెట్టాను. ట్యూబుల మీద పేర్లు చదివి నేను అందిస్తుంటే పిన్ని కలుపుతోంది. ఎరుపు చాలదని ఆయన, ఎక్కువైందని ఆవిడ. నా తల ప్రాణం తోకకొచ్చింది.

"ఫోన్‌లో మాకు తెలిసేది కొంతే అక్కా" అన్నాడు గోడలాయన. "ఆ అమ్మాయినే అడుగు."

"నాకు రంగుల గురించి ఏం తెలుసండీ?" అంది అమ్మాయి గుమ్మంలోంచే.

"మీ నాన్న గురించి తెలుసు కదమ్మా. అది మాకెవరికీ తెలీదు" అంది పిన్ని.

ఆమె ఈజిల్ దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"చామనఛాయ అని ఊరికే అన్నానండీ. నలుపే. రోజంతా ఎండలో బండి తొక్కేవారు."

"ఎంత నలుపమ్మా?" అంది పిన్ని.

అమ్మాయి చొక్కా చెయ్యి పైకి మడిచి, రంగులు కలిపే పలక పక్కన తన చేతిని ఆనించింది.

"ఇంతండీ. మా ఇంట్లో నాన్న రంగు నాకొక్కదానికే వచ్చింది."