మామయ్య తీర్పు పదేళ్లు

మా మామయ్య నోట్లో ఏది పోసినా ఒకటే తీర్పు: "బాగుంది, కానీ ఇంకో పదేళ్లు ఆగాలి!" పదేళ్లుగా ఇదే పాట.

ఆయన ఉద్యోగమే అది లెండి. వైన్ కొట్టు కింద నేలమాళిగలో కూర్చుని, ఫ్రాన్సులోని బర్గండీ తరహా రెడ్ వైన్లు రుచి చూసి, ఏది ఇప్పుడు తాగాలో ఏది దాచాలో చెప్పడం. పక్కన కూర్చుని రాసుకోవడం నా పని. గ్లాసు తెల్లకాగితం మీదికి వంచి రంగు చూస్తాడు, గిరగిరా తిప్పుతాడు, ముక్కంతా లోపలికి దూరుస్తాడు, ఓ గుక్క పుక్కిలించి బకెట్లో ఉమ్మేస్తాడు. చచ్చినా ఒక్క చుక్క మింగడు. "వగరు గట్టిగా ఉంది, పులుపు నిలబడింది, లోపల పండు నిద్రపోతోంది. పదేళ్లు!"

"అన్నీ దాచేస్తే నేనేం అమ్మాలయ్యా, సీసాల మీద దుమ్మా?" అని యజమాని నెత్తి కొట్టుకునేవాడు.

ఓసారి డాక్టరు దగ్గు మందిచ్చాడు. మామయ్య పుక్కిలించి, ఆయన సింకులోనే ఉమ్మి, "పదేళ్లు ఆగితే అద్భుతం" అన్నాడు.

"అప్పటిదాకా దగ్గు ఆగాలి కదండీ!" అన్నాడు డాక్టరు.

నా పెళ్లి మాటలప్పుడూ అంతే. "పిల్ల బంగారం. నువ్వే ఇంకో పదేళ్లు ఆగాలిరా." పెళ్లి తప్పిపోయేదే, అత్తయ్య కసిరింది కాబట్టి గట్టెక్కాను.

ఆ అత్తయ్యే పదేళ్ల కిందట పెరట్లో ద్రాక్షపళ్లతో సొంతంగా వైన్ పెట్టింది. మామయ్య రుచి చూసి పదేళ్లన్నాడు. ఆవిడ మెట్ల కింద అలమరలో పన్నెండు సీసాలు పడుకోబెట్టి, రోజూ చంటిపిల్లల్ని తుడిచినట్టు తుడిచింది. మొన్న ఆదివారంతో గడువు తీరింది. వీధి వీధినంతా భోజనానికి పిలిచేసింది.

పొద్దున్నుంచీ మామయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నేను వంటింట్లో బిరడా తీసి, ఓ చుక్క నాలిక్కి రాసుకున్నాను. అమ్మబాబోయ్!

"మామయ్యా, ఇది గిన్నెలు తోముకోడానిక్కూడా పనికిరాదు!"

"నెమ్మదిరా! మొదటి గుక్కకే తెలిసింది నాకు. మీ అత్తయ్య ముఖం చూశాక చెప్పడానికి నోరు రాలేదు, పదేళ్లనేశాను. దానికొక్కదానికే అంటే అనుమానం వస్తుందని, అప్పట్నుంచీ అన్నిటికీ అంటున్నా. ఇప్పుడేం చెప్పనురా? వీధంతా కూర్చుంది, ఆవిడ పరువేం కాను?"

పిచ్చి మామయ్య! ఇన్నేళ్లూ ఆయన్ని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

అత్తయ్య అందరికీ పోసి, మామయ్య గ్లాసు నిండా నింపింది. ఉమ్మడానికి నేను గిన్నె పెట్టాను. మామయ్య రంగు చూడలేదు, తిప్పలేదు, వాసన చూడలేదు. గ్లాసు మొత్తం గటగటా తాగేశాడు. మింగేశాడు! కళ్లవెంట నీళ్లు కారుతుండగా, "పండిందే!" అన్నాడు. "ఇక ఆగక్కర్లేదు. ఇంకో గ్లాసు పొయ్యి."

అందరూ చప్పట్లు కొట్టి గ్లాసులు అందుకున్నారు. అత్తయ్య మురిసిపోతూ తన గ్లాసు తీసుకుని ఓ గుక్క తాగింది. ముఖం ముడుచుకుపోయింది. ఖాళీ గిన్నె వంక చూసింది, మామయ్య వంక చూసింది. చటుక్కున లేచి, ఎవరి మూతికీ తగలకముందే అందరి చేతుల్లోంచీ గ్లాసులు లాగేసుకుంది.

"ఆయన మాటలకేం లెండి, ఆయనకి తొందరెక్కువ," అంది. "ఇది ఇంకో పదేళ్లు ఆగాలి!"