ఏడు పడితేనే తెరుచుకునే తలుపు

2023 ఆగస్టు. అనంతపురంలో మేం ప్రింటింగ్ ప్రెస్ పెట్టి అప్పటికి ముప్పై ఒక్క సంవత్సరాలు. నా పని ప్రూఫ్ చూడడం, అంటే అచ్చుకు ముందు నమూనా కాగితంలో తప్పులు పట్టడం. పెళ్ళి పత్రికలో తేదీకీ వారానికీ పొంతన లేకపోతే నేనే దిద్ది, తర్వాత చెబుతాను. ఎవరూ కాదన్నది లేదు.

ఆగస్టు 14, సోమవారం నందిని వచ్చింది. బొమ్మల కథలు గీస్తుంది, బల్ల మీద ఆడే ఆటలు తయారుచేస్తుంది. ఆమె ట్రాన్స్ మహిళ. రాయదుర్గంలో ఒక ఇంటి కొడుకుగా పెరిగి, పంతొమ్మిదో ఏట ఇల్లు వదిలింది. ఆమె కథల్లోనూ అలాంటివాళ్ళే ఉంటారు: జీన్స్ కుడతారు, బస్సు తప్పిపోతే తిట్టుకుంటారు, పగలబడి నవ్వుతారు. ఈసారి ఒక ఆట తెచ్చింది. నలుగురు ఆడాలి, తలా ఒక పాచిక. ముగ్గురు ఇంట్లో కూర్చుంటారు. నాలుగో మనిషి ఊళ్ళన్నీ తిరిగి ఆ ఇంటికి చేరాలి. శనివారానికి నలభై సెట్లు కావాలంది.

“ఆదివారం ఈడే హాల్లో ఆడిస్తాండాను పెద్దమ్మా. మాయమ్మ వస్తానన్నాది. పన్నెండేండ్లాయె నన్ను చూసి.”

“పన్నెండు నిండినాయా?”

“పదకొండేండ్ల ఎనిమిది నెలలు. నువ్వు వదలవు కదా!” అని నవ్వింది.

మంగళవారం ప్రెస్సుకు సెలవు. ఇంట్లో ఒక్కదాన్నే నాలుగు పాచికలూ పెట్టుకుని ఆడి చూశాను. చివరి కార్డు మీద మూసిన తలుపు, దాని కింద ‘ఏడు పడితే తెరుచుకుంటుంది’ అని ఉంది. ఇరవై మూడుసార్లు వేశాను. పాచికకు ఉన్నవే ఆరు ముఖాలు, ఏడెలా పడుతుంది? పిల్ల లెక్క తప్పిందనుకుని ఏడును ఆరు చేశాను. బుధవారం అచ్చు వేయించాను. గురువారం డై కటింగ్, అంటే కార్డులన్నిటినీ ఒకే కొలతకు కోయడం కూడా అయిపోయింది.

శుక్రవారం నందిని వచ్చి కార్డులు ఒక్కొక్కటే తిప్పి చూసింది. చివరిదాని దగ్గర ఆమె ముఖం పాలిపోయింది.

“ఎవురు మార్చింది దీన్ని?”

“నేనే. ఒక్క పాచికకు ఏడెట్లా పడుతుందమ్మా?”

“పడదు. నాకు తెలుసు.”

“తెలిసే రాసినావా?”

“బయట ఉండేదాని పాచిక ఒక్కటే చాలదు పెద్దమ్మా. ఇంట్లో కూచున్నోళ్ళు ఎవురన్నా తమ పాచిక గూడా వెయ్యాల. రెండూ కలిపి ఏడు.”

“ఆ సంగతి ఆట నియమాల్లో యాడా లేదే?”

“రాస్తే రూలు కాబట్టి వేస్తారు. వాళ్ళకే తోచాల.”

“తోచకపోతే?”

“అది బయటే ఉంటాది. ఇప్పటికి పంతొమ్మిది ఆటలు ఆడించినా. ఒక్కరూ వెయ్యలే. పాచిక చేతిలో పట్టుకోని, పాపం పడలేదే అంటారు.”

మంగళవారం మిగతా మూడు పాచికలూ నా ముందే, చాప మీదే ఉన్నాయి. ఇరవై మూడుసార్లలో ఒక్కసారైనా వాటి మీదికి నా చెయ్యి పోలేదు. పైగా ఇంట్లోవాళ్ళు కదలనవసరం లేకుండా తలుపునే మార్చేశాను.

“రేపటికి మళ్ళా అయితాదా? మాయమ్మ ఆ ఇంట్లోనే కూచుంటాది” అంది.

శనివారం పొద్దున్నే ఆ ఒక్క కార్డు మళ్ళీ వేయించాను. నలభై కార్డులూ రెండుసార్లు ఎంచి ఇచ్చాను.

ఆదివారం నన్నూ ఆటలో కూర్చోబెట్టారు, నందిని తల్లి పక్కనే. ఆమె జీన్స్ యూనిట్‌లో గుండీలు కుడుతుంది. వచ్చిన దగ్గర్నుంచి బిడ్డ ముఖం సరిగా చూడలేదు. నందిని తలుపు దాకా వచ్చి పాచిక వేసింది. నాలుగు. మళ్ళీ వేస్తే రెండు. మూడోసారి ఆరు.

“ఇదేం ఆటమ్మా? ఏడు యాడ పడతాది?” అని తల్లి నన్నడిగింది. తెలిసీ నోరు మూసుకు కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

నాలుగోసారి మూడు పడింది. తల్లి గుప్పిట విప్పి తన పాచిక చూసుకుంది.

“నాది గూడా వేస్తే?”

ఆమె వేసింది. ఒకటి. మూడూ ఒకటీ నాలుగు. తలుపు తెరుచుకోలేదు.

“ఇంకోసారి వెయ్యి. నేనూ వేస్తా” అంది, ఈసారి బిడ్డ వైపు తిరిగి.

ఇప్పుడు ప్రూఫులో తప్పనిపిస్తే పెన్సిలుతో చుట్టి, మనిషిని పిలిచి అడిగాకే దిద్దుతాను. ఆ రోజు మూడో విసురుకు నందినికి పడింది ఆరు. నేను దిద్దిన కార్డే ఉండి ఉంటే ఆమె ఒక్కతే లోపలికి వచ్చేసేది. తల్లి గుప్పిట విప్పేది కాదు.