పొలం పనికి రిజిస్టరైన బండి

నిన్న పాత బండ్ల ఊరేగింపులో పూలదండలు వేసిన ఎర్ర ట్రాక్టర్ కనిపించింది. బంబై కామాటిపురా దోస్తులారా, ఎనభైల్లో మా నాయన నడిపిన ట్రాక్టర్ గుర్తుందా? పగలంతా కూలగొట్టిన ఇళ్ల మట్టి మోసి, సాయంత్రం మనల్ని ట్రాలీలో ఫోరస్ రోడ్ దాకా తిప్పేవాడు.

ఒకరోజు గ్రాంట్ రోడ్‌లో ఇన్‌స్పెక్టర్ ఆపాడు. "ఇది పొలం పనికి రిజిస్టరైన బండి. రోడ్డు మీద మట్టి మోయడం చెల్లదు. పొలానికి తీసుకుపో" అన్నాడు.

"పొలమే ఉంటే బంబైకి ఎందుకొస్తుంటిమి సాబ్?" అన్నాడు నాయన.

ఇన్‌స్పెక్టర్ నవ్వి బండిని జప్తు చేశాడు. నాయన మళ్లీ తట్ట నెత్తికెత్తుకున్నాడు. ఆ కూలి చాలక అక్క బడి మానేసి నాయనతో పనికి పోయింది. మొదటిరోజు పుస్తకాల సంచులతో మనం ఎదురైతే, తట్ట కింద పెట్టుకునే చుట్టబట్టను వెనక్కి దాచుకుంది.