వలకో పాలు, చెయ్యికో పాలు

శైలజది మంచి ఉద్యోగం. తుర్కపల్లి వైపు ఉన్న మందుల కంపెనీలో, గోళీలు బయటికి పోయే ముందు వాటిని పరీక్షించే ల్యాబ్‌లో పని. తెల్లకోటు, తలకు టోపీ, కళ్లకు అద్దాలు. ఆమె సంతకం పెడితే తప్ప అక్కడ ఒక్క డబ్బా కదలదు. ఇంత గొప్ప సంతకం ఉన్న మనిషికి షామీర్‌పేటలోని ఇంట్లో తన పేరు మీద ఉన్నది ఒక్క స్కూటీ. దాన్ని కూడా వారంలో సగం రోజులు పరమేశ్ తీసుకుపోతాడు.

పరమేశ్ ఆమె భర్త. మంచివాడే, కాకపోతే ఏది అడిగినా "నీ ఇష్టం" అని పక్కకు తప్పుకునే రకం. ఇల్లు అత్త శంకరమ్మ పేరు మీద ఉంది, గ్యాసు పరమేశ్ పేరు మీద ఉంది. ఎప్పుడో కాలం చేసిన మామ పేరు మీద ఇప్పటికీ కరెంటు బిల్లు వస్తుంది, వచ్చి వాకిలి పక్కన గోడ మేకుకు వేలాడుతుంది. ఆ బిల్లు చూసినప్పుడల్లా శైలజకు ఉక్రోషం వచ్చేది. పోయిన మనిషి పేరుకైనా ఈ ఇంట్లో ఒక మేకు ఉంది, నాకు లేదే అని. ఏదో ఒకటి తన పేరుతో ఉండాలి, అదీ నలుగురి కంట పడేలా ఉండాలి అని ఆమెకు గట్టి కోరిక.

ఆ కోరిక తీరే దారి వంటింట్లోనే దొరికింది. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. మామ చెరువులో వల వేస్తే, శంకరమ్మ గంప నెత్తిన పెట్టుకుని అల్వాల్, మచ్చ బొల్లారం దాకా తిరిగి అమ్మేది. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ చేతులకు ఏ రోగమూ లేదు. ఉల్లిగడ్డలు నిప్పుల మీద కాల్చి, ధనియాలు, మెంతులు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరి, చింతపండు గుజ్జులో కలిపి ఆమె ఒక ముద్ద చేస్తుంది. అది వేస్తే ఎంత చేతకానివాళ్లు వండినా చేపల పులుసు కుదిరి తీరుతుంది. శైలజ ఒకసారి ల్యాబ్‌లో ఆ ముద్ద తలా కొంచెం పంచింది. ఆ తర్వాత ల్యాబ్‌లో ఆమెను గోళీల గురించి పలకరించేవాళ్లు తగ్గిపోయారు.

ఇంకేముంది, శైలజ నడుం కట్టింది. ఆదివారం చెరువు కట్ట దగ్గర రోడ్డు పక్కన చేపలమ్ముతారు. నగరం నుంచి కార్లలో వచ్చినవాళ్లు ఉత్సాహంగా కొర్రమట్ట కొంటారు, అది సంచిలో ఎగిరిపడుతుంటే ఎలా వండాలో తెలియక బిక్కమొహం వేస్తారు. సరిగ్గా అక్కడే శైలజ బల్ల వేసి మసాలా సీసాలు పేర్చింది. గిర్నీ, సీసాలు, లైసెన్సు ఖర్చు, అన్నీ తన జీతంలోంచే పెట్టింది. సీసాలు మధ్యాహ్నానికల్లా అయిపోయేవి.

ఒక ఆదివారం మేడ్చల్‌లో సూపర్ మార్కెట్ నడిపే ఆయన అక్కడ ఆగాడు. సీసా మూత తీసి వాసన చూశాడు, ఇంకోసారి చూశాడు. "మా దుకాణంలో పెడతానమ్మా. కాకపోతే నాకు పక్కా బిల్లు కావాలి, సంస్థకు పేరుండాలి. దసరాలోపు చూసుకో" అన్నాడు. శైలజ గుండె ఎగిరి గంతేసింది. పేరంట! ఇన్నాళ్లకు!

మర్నాడు ల్యాబ్‌లో తోటి ఉద్యోగి ఫణిభూషణ్ దగ్గర ఆ మాట అనేసింది. ఫణిభూషణ్ సలహా ఇవ్వని విషయం లోకంలో లేదు. తెలిసి ఇస్తాడా అంటే అది వేరే సంగతి.

"ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టేయండి మేడం. కంపెనీకి పన్ను రేటు తక్కువ. పైగా మీరు మేనేజింగ్ డైరెక్టర్!" అన్నాడు.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ శైలజ మేనేజింగ్ డైరెక్టర్‌గానే ఉంది. ఆ హోదాలోనే శనివారం మేడ్చల్ వెళ్లి, జిరాక్స్ షాపు పైన ఉన్న ఆడిటర్ జైపాల్ ఆఫీసు మెట్లెక్కింది. జైపాల్‌ది పక్కనే ఉన్న అత్వెల్లి ఊరు. భూములమ్మినవాళ్లకు, కొన్నవాళ్లకు పన్నుల సంగతి చెప్పి చెప్పి పండిపోయిన మనిషి.

"డైరెక్టర్ అంటే ఇనటానికి మస్తుంటదమ్మా. కని ఒక్క సీస అమ్మినా అమ్మకున్నా ఏటా ఆడిట్ చేపియ్యాలె, సర్కారుకు కాయిదాలు పెట్టాలె. లాభం మీద కంపెనీ ఒకపారి పన్ను కడ్తది. ఆ లాభం నీ చేతికి తీసుకుంటే మళ్ల నువ్వు కట్టాలె. గీ నాలుగు సీసలు మొయ్యనీకి లారీ ఎందుకు?"

శైలజ ముఖంలోంచి మేనేజింగ్ డైరెక్టర్ దిగిపోయింది. "మరి నా ఒక్కదాని పేరు మీద పెడితే సార్?"

"జల్దీ అయితది, సులువు గూడ. కని లాభమంత పోయి నీ జీతం నెత్తిన కూసుంటది. నీ జీతానికే పన్ను గట్టిగ పడ్తాంది. దీనికి గూడ గదే రేటు పడ్తది."

"మా ఆయన పేరు మీద?"

"పైసలు నీయి, పేరు ఆయనదా? ఆ లాభం పన్ను ఆఫీసోళ్లు తిప్పి నీ లెక్కలనే కలుపుతరు. ఆలుమొగలు గిట్ల చేస్తరని ఆళ్లకు తెల్వదా ఏంది?" అని నవ్వాడు జైపాల్. తర్వాత కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అవుగని, నీ నౌకరి కాయిదంల ఏం రాసున్నదో సదివినవా? అడగకుంట వేరే యాపారం చెయ్యద్దని ఉంటది. ముందుగాల ఆ పర్మిషన్ తీస్కో."

శైలజ నాలుక కరుచుకుంది. ఊళ్లోవాళ్ల గోళీలన్నీ పరీక్షించే మనిషి తన నియామక పత్రాన్ని చదవకుండానే సంతకం పెట్టింది మరి.

"ఇంతకు మసాల నూరేది ఎవలు?"

"మా అత్తమ్మ సార్."

"ఆమెకు వేరే ఆమ్దానీ, రాబడి ఏమన్న ఉన్నదా? లేదా? మరింకేంది, యాపారం ఆమెకే అప్పజెప్పు, పన్ను పరేషానే ఉండది. లేదంటే ఇద్దరు గలిసి భాగస్వామ్యం రాసుకోండ్రి."

రెండో మాట శైలజ చెవికి ఎక్కలేదు. ఒక పొయ్యికి ఇద్దరు యజమానులా? ఇప్పుడే ఉప్పు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు గరిటె గుంజుకుంటున్నారు! చెవికెక్కింది మొదటి మాట. ఇల్లు అత్తది, ఇప్పుడు మసాలా కూడా అత్తదే. ఇంటికొచ్చే దారి పొడుగునా ఆమెకు కడుపు రగిలిపోయింది. తప్పు అత్తది కాదని తెలుసు. తెలిసినందుకు ఇంకా మండింది.

శంకరమ్మ వెనక వాకిట్లో నిప్పుల మీద ఉల్లిగడ్డలు తిప్పుతోంది. శైలజ జరిగిందంతా చెప్పి, "మొత్తం నీ పేరు మీద పెట్టుమన్నడు అత్తమ్మా" అంది.

"నా పేరు మీదనా? మంచిగనే ఉన్నది. మరి నీ మొఖం గట్లెందుకున్నది?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే గట్ల మాడదు. చెప్పు బిడ్డా."

ఇక ఆగలేదు శైలజ. "గీ ఇంట్ల నా పేరు మీద ఒక్కటన్న ఉండాలనుకున్న అత్తమ్మా. సచ్చిపోయిన మామ పేరు గూడ గోడ మీదున్నది. నాదే లేదు" అంది. అనేశాక కళ్లు తుడుచుకుంది. ఉల్లిగడ్డ పొగ అక్కడే ఉండటం మంచిదైంది.

శంకరమ్మ ఒక ఉల్లిగడ్డను నిప్పుల మీది నుంచి పక్కకు తీసింది. కాలిన ఉల్లిగడ్డ పొట్టు ఒలిచి పళ్లెంలో వేసింది.

"మీ మామోళ్లు చెరువుల దిగితే చేపలెట్ల పంచుకునేటోళ్లో నీకు ఎరుకేనా? వలకో పాలు, గుంజినోళ్లకు చెయ్యికో పాలు. వల ఉన్నాయన కట్ట మీద బీడీ తాక్కుంట కూసున్నా వల పాలు ఆయనకే. ఎంత గుంజినా వల నాదే అన్నోడు లేడు. గా గిర్నీ ఎవలు తెచ్చిండ్రు? సీసలు ఎవలు తెచ్చిండ్రు? వల నీది, చెయ్యి నాది. గింత దానికి ఏడుస్తరా?"

శైలజకు జైపాల్ చెప్పిన రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. చెవి పక్కనుంచి పోయిన భాగస్వామ్యం తిరిగొచ్చి బుర్రలో కూర్చుంది.

మొదట కంపెనీ అనుమతి అడగాలి. ఆ దరఖాస్తు ఇచ్చిన దగ్గర్నుంచి శైలజకు అన్నం సయించలేదు. ఉన్న ఉద్యోగానికే ఎసరు వస్తుందేమోనని భయం. చివరికి మేనేజర్ పిలిచి, పెట్టుబడి వరకు అభ్యంతరం లేదు, డ్యూటీలో మాత్రం మసాలా మాట వినపడకూడదని సంతకం పెట్టాడు. కాగితం చేతికిస్తూ, "ఆదివారం ఎన్నింటి దాకా ఉంటారు అక్కడ?" అని మెల్లగా అడిగాడు.

అత్తాకోడళ్లు స్కూటీ మీద మేడ్చల్ వెళ్లారు. వల సంగతి విని జైపాల్ బల్ల చరిచి నవ్వాడు.

"గదే భాగస్వామ్యం పెద్దమ్మా! శైలజ పైసలు పెట్టింది, నౌకరి చేస్తాంది గాబట్టి ఆమెకు లాభంల వాటానే. పని నీది, నీకు నెలనెల జీతం రాస్తం. ఉత్తగ రాసుడు గాదు, నిజంగ నీ ఖాతాల పడాలె. ఆ జీతం సంస్థకు ఖర్చు. నీకు వేరే ఆమ్దానీ లేదు, గంత దానికి పన్ను పడది. మిగిలిన లాభానికి సంస్థ రేటు జర ఎక్కువనే, కని మిగిలేదే తక్కువ. అది కట్టినంక శైలజ వాటాకు మళ్ల పన్ను లేదు."

శంకరమ్మ ఇవేవీ వినలేదు. ఆమె ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

"జీతమా? నాకా?"

నాట్లేసింది, కలుపు తీసింది, గంప మోసింది. ఒళ్లు హూనం చేసుకున్న అన్నేళ్లలో ఆమెకు దక్కింది కూలి, లేదంటే ఇంటి ఖర్చు. దాన్ని జీతం అన్నవాళ్లు లేరు. ఆమె కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"జీతమంటే సెలవు గూడ ఉంటది గదా? మా కోడలికి ఉన్నది. నాకు సోమారం సెలవు రాయి సారూ."

"రాస్త పెద్దమ్మా. పేరేం పెట్టాలె?"

శైలజ అత్త వైపు చూసింది. శంకరమ్మే చెప్పింది. "శైలజ పేరే పెట్టు. వల ఎవలిదంటే ఉన్నామె పేరే చెప్తం."

దసరాకు ముందే 'శైలజ చేపల మసాలా' సీసాలు సూపర్ మార్కెట్‌కు చేరాయి. ఎల్‌ఎల్‌పీ అనే ఇంకో రకం సంస్థ పెట్టి ఉంటే ఇంకా బాగుండేదని ఫణిభూషణ్ నొచ్చుకున్నాడు. నెల తిరిగింది, శంకరమ్మ ఖాతాలో మొదటి జీతం పడింది.

ఆ తర్వాతి సోమవారం శైలజ డ్యూటీ నుంచి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. వాకిట్లో పరమేశ్ ఒక్కడే ఉన్నాడు.

"నీ పార్ట్‌నర్ సెలవు మీద పోయింది. ఏడికి అంటే, సెలవుల ఉన్నోళ్లను అడగద్దన్నది" అన్నాడు.

పొద్దుగూకే వేళకు ఆటో ఆగింది. పట్టుచీర కట్టుకుని, కవరు పట్టుకుని శంకరమ్మ దిగింది. కవరులోంచి తీసింది చూసి శైలజ నోరు తెరిచింది. తమ మసాలా సీసానే!

"అత్తమ్మా! ఇంట్ల గంపెడు పెట్టుకోని, మేడ్చల్ దాక పోయి పైసలు పెట్టి కొన్నవా?"

"నా జీతం, నా ఇష్టం" అంది శంకరమ్మ. తర్వాత రవికె లోంచి మడత పెట్టిన కాగితం తీసింది. "కొంటేనే గదా బిల్లిస్తరు. ఇగో, నీ పేరు కొట్టున్నదట. కౌంటర్ కాడి పోరితోని రెండుపార్లు సదివిచ్చిన. నువ్వు సూడు."

శైలజ చూసింది. సబ్బులు, బిస్కెట్ల బిల్లులు కొట్టే మిషన్ కొట్టిన ఆ కాగితం మీద, మసక సిరాతో తన పేరు ఉంది. ఈసారి పక్కన ఉల్లిగడ్డ పొగ కూడా లేదు. ఏడుస్తూ నవ్వుతూ అత్తను గట్టిగా కౌగిలించుకుంది.

"ఇడువు, చీర నలుగుతది" అని విడిపించుకుంది శంకరమ్మ. కోడలి చేతిలోంచి బిల్లు తీసుకుని వాకిలి దగ్గరికి నడిచింది. గోడ మేకుకు మామ పేరుతో ఉన్న కరెంటు బిల్లు మీద, అందరికీ కనపడేలా దాన్ని గుచ్చింది.