వాలు మీద నిలిచిన కాంక్రీటు

ఇనుప కోనులో కాంక్రీటు నింపి చువ్వతో కుమ్మే చప్పుడు వినబడితే చాలు, నాకు రజియా మేడం గుర్తొస్తారు. ఈ పొద్దున నర్సంపేట సైటులోనూ అంతే. వరంగల్‌లో నేను మొదట చేరిన డిజైన్ ఆఫీసుకు ఆవిడే పెద్ద. కోను పైకి లాగేశాక కాంక్రీటు కుప్ప ఎంత కిందికి దిగితే అంత స్లంప్. పలచగా ఉంటే ఎక్కువ దిగుతుంది, గట్టిగా ఉంటే తక్కువ. డ్రాయింగు మొత్తానికి ఒకే స్లంప్ రాసి పడేయడం అందరికీ అలవాటు. మేడం మాత్రం, ఇంటిల్లిపాదికీ ఒకే సైజు చెప్పులు కొంటారా అని ఆటపట్టించేవారు.

కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల షెడ్డు నా మొదటి డిజైన్. పాత రేకులు కారి, ఏటా వానాకాలం మగ్గం మీది నేత తడిసిపోయేది. అందుకని వాలు స్లాబు గీశాను. కడ్డీలు కిక్కిరిసిన స్తంభాలకు ఎక్కువ స్లంప్, వాలు స్లాబుకు తక్కువ అని విడివిడిగా రాశాను. మేడం అంతా చదివి, సంతకం నన్నే పెట్టమన్నారు.

స్లాబు రోజున కాంట్రాక్టరు మల్లయ్య కూలీల దావత్‌కు పొయ్యి మీద మటన్ ఎక్కించాడు. మొదటి లారీ వచ్చింది. కోను ఎత్తగానే కుప్ప పప్పుచారులా పరుచుకుంది. అలవాటు కొద్దీ స్తంభాలకు తెప్పించిన పలచటి కాంక్రీటు మాలే మళ్లీ తెప్పించారు. అది వాలు మీద పోస్తే కిందికి జారి, పైన స్లాబు పలచబడుతుంది. మళ్లీ కారుడే. మల్లయ్య నన్ను దాటి నేరుగా మేడం దగ్గరికి వెళ్లాడు.

"మొగులు పట్టింది మేడం. లారీ వాపస్ పంపితే పని ఆగుతది. జర చూడుండ్రి."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మేడం టీ ఊదుకుంటూ తలైనా ఎత్తలేదు. "సంతకం నాది కాదు మల్లన్నా. సరితది. ఆమెనే అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. పరుచుకున్న కుప్ప వైపు చెయ్యి చూపించాను. "వాపస్ పంపు అన్నా. ఇది వాలు మీద నిలవది."

రెండో లారీ కోసం చూసినంతసేపూ నా కళ్లు ఆకాశం మీదే. వాన పడితే వాడంతా నన్నే తిట్టేది. ఆ లారీ మాలు కుప్ప బెత్తెడు కూడా దిగలేదు. పోసింది పోసినట్టే వాలు మీద నిలిచింది. స్లాబు చదును చేసి టార్పాలిన్ పట్టాలు కప్పాకే చినుకు మొదలైంది. మల్లయ్య మొదటి విస్తరి నాకే వేశాడు. మేడం నా పక్కన కూర్చొని బొక్క జుర్రుకుంటూ మెల్లగా అన్నారు.

"నేను చెప్తే లారీ ఒక్కటే వాపస్ పోతుండె. ఇగ రేపటి సంది నిన్నే అడుగుతరు."

ఆ వానాకాలం షెడ్డులో ఒక్క జంపఖానా తడవలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ దిగలేదు.

మేడం పోయారు. ఆవిడ లేని లోటు సైటుకు వెళ్లినప్పుడల్లా తెలుస్తుంది. ఈ పొద్దున నర్సంపేటలోనూ కుప్ప పరుచుకుంది. మా జూనియర్ ఇంజనీరు స్వప్న లారీని ఆపేసింది. కాంట్రాక్టరు ఆమెను దాటి నా దగ్గరికి వచ్చాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"సంతకం స్వప్నది. ఆమెనే అడుగుండ్రి," అని టీ ఊదుకున్నాను.

లారీ వెనక్కి తిరిగింది.