తెడ్డు మెడ

సంపూర్ణ చేతిలో ఆకురాయి తెడ్డు మెడ చుట్టూ తిరుగుతోంది. కాడ, ఆకు కలిసే ఆ చోటు చుట్టూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూసుకుని, ఇంకాస్త సన్నం చేసింది. ఇల్లందులో ఏ దావత్‌కు వండినా డేగిశాలో తిరిగేది ఆమె చెక్కిన తెడ్డే. మొగుడు ఆంథోని పోయాక అతని పనిముట్లు తుప్పు పట్టడం చూడలేక చేతికి తీసుకుంది. నేర్పినవాళ్లు లేరు. మెడ సన్నగా ఉంటే వంటవాళ్ల చెయ్యి నొప్పెట్టదని చెక్కీ చెక్కీ తెలుసుకుంది.

ఇవి మాత్రం వంటకు కావు. గనిలో పనిచేసే మంగీలాల్, అతని దోస్తు బద్యా, సంపూర్ణ కూతురు మహిమ, ఆమె స్నేహితురాలు సరళ కలిసి అడవిలోంచి కిన్నెరసాని మీద గోదావరి దాకా చిన్న పడవల్లో పోవాలని తయారవుతున్నారు. పడవలు రెండు కిరాయికి దొరికాయి. వాటితో వచ్చిన ప్లాస్టిక్ తెడ్లు పగుళ్లిచ్చి ఉన్నాయి.

"తెడ్డంటే తెడ్డే గదక్కా, జర పొడుగు చెయ్యి," అన్నాడు మంగీలాల్.

ఆమె కూడా అలాగే అనుకుంది.

టేకులపల్లి అవతల వాగు మడుగులో పడవలు దింపి చూసిన రోజు ఆమె ఒడ్డునే ఉంది. మహిమ గట్టిగా నీళ్లను వెనక్కి లాగింది. తెడ్డు మెడ దగ్గర టప్పున విరిగింది. పడవ ఒరిగి బోల్తా పడింది. లైఫ్ జాకెట్ పైకి తేల్చబోతే మహిమ తల పడవ కిందికే పోయింది. మంగీలాల్ దూకి, పడవను తోసి, పిల్లను బయటికి లాగాడు.

"అత్తా, నీ తెడ్డు పప్పుకైతే మస్తుగుంటది!" అన్నాడు బద్యా, భయం తీరాక. అందరూ నవ్వారు. దగ్గుతూనే మహిమ కూడా నవ్వింది.

సంపూర్ణ నవ్వలేదు. విరిగిన ముక్కను తడుముతూ నిలబడింది. డేగిశాలో తెడ్డును తిప్పుతారు. నీళ్లలో దాని మీద మనిషి బలమంతా పడుతుంది. మిగిలిన మూడింటి మెడలూ అంతే సన్నం.

"మల్ల చెయ్యాలంటే ఎండిన టేకు కావాలె. ఇప్పుడేడ దొరుకుతది? ఈసారికి పోకుండ్రి," అంది ఇంటికొచ్చాక.

మహిమ తల తుడుచుకోవడం ఆపింది. "అమ్మా, కట్టె లేదంటున్నవా, నన్ను పోవద్దంటున్నవా?"

సంపూర్ణ తువ్వాలు అందుకుని కూతురి తల తుడవబోయింది.

"మేమైతే పోతం. ఆ ప్లాస్టిక్ తెడ్లకే టేప్ చుట్టుకోని పోతం."

ఆ తర్వాత సంపూర్ణకు అన్నం సయించలేదు. చర్చిలో పిల్లల ప్రయాణం కోసం అందరూ ప్రార్థన చేస్తుంటే, కళ్లు మూసుకున్న ఆమెకు టేప్ ఊడిపోయిన తెడ్డే కనబడింది. ఇంటికి వచ్చి, చీరకొంగు బిగించి, మంచాల మీది పరుపులు కింద పడేసింది. ఉన్నవి రెండే మంచాలు, ఆంథోని చేసినవి. నవారు విప్పింది. ఏళ్లకేళ్లు ఆరిన టేకు పట్టెలు. పొడుగు పట్టెలు కాడలకు, పొట్టివి ఆకులకు సరిపోతాయి.

డ్యూటీ నుంచి వచ్చిన మహిమ గుమ్మంలోనే ఆగిపోయింది. "మంచాలేవే అమ్మా?"

"ఇగో, అవే ఇవి," అని సంపూర్ణ పట్టెలు చూపించింది.

"మరి ఏడ పండుకుందం?"

"కింద. అడవిల పండుకునేటిదానివి, అలవాటు కావద్దా?"

కాడలకు ఆకులు గట్టిగా బిగించాక, ఈసారి మెడ దగ్గరికి వచ్చేసరికి ఆకురాయి పక్కన పెట్టేసింది. నునుపు కోసం గరుకు కాగితం తప్ప ఇంకేదీ తగలనివ్వలేదు. అయినా నమ్మకం కుదరలేదు. ఒక్కో తెడ్డును రెండు ఇటుకల మీద పెట్టి, మెడ మీద నిలబడి ఊగింది. ఒకటి కిర్రుమంది. కదిలింది ఇటుకేనని తేలేదాకా ఊపిరి తీసుకోలేదు.

బయల్దేరే రోజు పొద్దున మంగీలాల్ వచ్చి తెడ్లు ఎత్తుకోబోయాడు.

"ఆగు తమ్మీ. ఎక్కి నిలబడు."

"అయ్యో అక్కా, విరిగితే?"

"విరిగితే గీడనే విరగాలె."

నాలుగింటి మీదా ఎక్కాడు. ఏదీ విరగలేదు. బద్యా చేతికి ఆమె ఒక పొట్టి తెడ్డు ఇచ్చింది, మడుగులో విరిగినదాని ముక్కతో చెక్కినది. "ఇది పప్పుకు," అంది. అతను తల గోక్కున్నాడు.

చివరి తెడ్డు మహిమది. సంపూర్ణ దాని మెడను పట్టుకుని చూసింది. బొటనవేలూ చూపుడువేలూ కలవలేదు. మహిమ చెయ్యి చాచింది. సంపూర్ణ ఇంకాసేపు అలాగే పట్టుకుని, తర్వాత వదిలింది.